కొట్టం చూసి వియ్యం

పూర్వం కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో సంబంధానికి వచ్చిన పెద్దల చూపు మొదట పశువుల కొట్టం మీద పడేది. అందులో ఆస్తి లెక్క లేకపోలేదు. కాని కరవు కాలంలోనూ ఎముకలు తేలని ఎద్దును చూస్తే, తాను తినకముందే మూగజీవికి మేత వేసే చేయి ఆ యింట ఉన్నదని తెలిసేది. ఉగాదికీ, శివరాత్రికీ జరిగే బండలాగుడు పందాల వద్ద నేటికీ "ఏ ఊరి ఎద్దులివి?" అన్న ఒక్క ప్రశ్నతో ముక్కూమొగమూ ఎరుగనివారు ఆప్తులవుతున్నారు.

ఇప్పుడు చాల ఇండ్లలో ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చినది. పట్టణంలో కుక్కను వెంటబెట్టుకొని నడిచేవానిని దారినపోయేవారు తామై పలకరిస్తారు. పెండ్లిమాటల వేళ మాత్రం "ముందు దానిని ఎవరికైనా ఇచ్చివేయండి" అన్న షరతు పుడుతున్నది. ఉబ్బసం వంటి బాధ ఉంటే అది వేరు మాట. కేవలం మర్యాద కోసమే అయితే, నమ్మిన ప్రాణిని అంత తేలికగా విడిచినవాడు రేపు మన బిడ్డ చేయి విడువడన్న పూచీ ఏది?

స్వర్గద్వారం వద్ద సైతం వెంటవచ్చిన కుక్కను విడువనన్న ధర్మరాజు కథ విన్నవారము మనము. ఇల్లు చూడబోయినప్పుడు ఆ మూగజీవి తన యజమానిని చూసే చూపును గమనించండి. మధ్యవర్తి చెప్పని మాట అది చెప్పగలదు.