పేటల గురుతులు

హైదరాబాదునకు వచ్చు యాత్రికులు చార్మినారును చూచెదరు, గోలకొండ నెక్కెదరు, సాలార్‌జంగు మ్యూజియమున గడియారపు బొమ్మ గంట కొట్టువరకు నిలిచి వెడలిపోయెదరు. వారిని తప్పుపట్టుటకు మాకు హక్కు లేదు, వారతిథులు. కాని యీ నగరముననే చదివి, యిచ్చటనే కాపురముండి, సంస్కరణమును గూర్చి సభలలో గంటలకొలది ప్రసంగించు మనవారును ఆ యతిథులవలెనే నాలుగు కట్టడములు చూపి, పిల్లలకు నగరమును చూపితిమని తృప్తిపడుచున్నారే, దీనికేమందుము?

చార్మినారు 1591వ సంవత్సరమునాటిది. దానిని కూల్చెదనను మొనగాడెవ్వడును లేడు. దానికి ప్రభుత్వము కావలియున్నది. చడిచప్పుడు లేక నశించుచున్నవి పేటలలోని సామాన్యపు గురుతులు: ఒక చదువుగది, ఒక దిగుడుబావి, ఒక కమాను, ఒక చెట్టు. వీనికి కావలి యెవరు? మేమని చెప్పవలసినవారు పలుకకుండుటచేతనే యీ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

సాక్ష్యమునకు దూరము పోనక్కరలేదు, కోఠి చాలును. అచ్చటి సుల్తాన్‌బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమున్నది. రాజభాష వేరై, కచేరీభాష వేరై, తెలుగు ఇంటిగడప దాటుటకు జంకుచుండిన దినములలో, 1901వ సంవత్సరమున, కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజావారు మున్నగు పెద్దలు దానిని స్థాపించిరి. గ్రంథాలయోద్యమ మహిమనుగూర్చి మనము వ్రాసిన వ్యాసములకు లెక్కలేదు. ఆ వ్యాసములు వ్రాసినవారిలో ఈ పదియేండ్లలో నిలయపు మెట్లెక్కినవారెందరు? ఇతరులమాట యేల? ఇటీవల నొకనాడు మేమే త్రోవ మరచితిమి, సిగ్గుతో నొప్పుకొనుచున్నాము. ఒక బట్టలకొట్టులో నడిగితిమి, వారెరుగరు. పుస్తకముల సంచి భుజమున తగిలించుకొని పోవుచున్న కాలేజీ విద్యార్థి నడిగితిమి. అతడు జేబులోని ఫోను తీసి వెదకసాగెను. తుదకు బాటప్రక్క పాతపుస్తకములమ్ము నొక ముదుసలి, “గా గల్లీల లోపటికి పోండ్రి సార్. చిన్నప్పుడు మా నాయినతోటి పేపర్ చదువనీకె పోతుంటి” అని త్రోవ చూపెను. చదువుగది చిరునామా చదువుకొన్నవానికి తెలియక, చదివిన పుస్తకములను తూకమునకు కొని అమ్ముకొనువానికి తెలియుట గమనింపదగినది.

ఆ చేరువనే వివేకవర్ధని యున్నది. 1921 నవంబరులో అచ్చట నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులు మహర్షి కార్వేగారు. స్త్రీవిద్యకై జీవితము ధారపోసిన యా మహనీయుని సమక్షమున, ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడుటకు లేవగా సభలో గేలిచేసి అల్లరిపెట్టిరి. గేలిచేసినవారు పామరులు కారు, సంస్కర్తలమని కూడినవారే! ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మనయిండ్లలో నేడు తెలుగు పత్రిక నిర్భయముగా తెరచి చదువుకొనుచున్నామన్న, ఆ సాయంకాలమునకు కొంత ఋణపడియున్నాము. సంస్కరణమునకే సంస్కారము నేర్పిన యా చోటును మన బాలబాలికలకు చూపితిమా?

మరి నాలుగడుగులు వేసిన రెసిడెన్సీ భవనము. 19వ శతాబ్దారంభమున కర్క్‌పాట్రిక్ దొర కట్టించినది. కొందరికి అది పరాయివారి దర్పమునకు చిహ్నముగా తోచును, తోచుటలో తప్పులేదు. కాని 1857 జూలైలో తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీను తమ యనుచరులతో దండెత్తినది ఆ గోడలమీదికే. దొరలు పోయిన తరువాత, 1949లో, ఆ దర్బారుమందిరములోనికి ఆడుపిల్లల కళాశాల వచ్చినది. రెసిడెంటుగారు సలాములందుకొన్న మెట్లమీద మన యాడుబిడ్డలు పుస్తకములు చేతబట్టి కూర్చుండిరి. ఇంతకన్న గొప్ప సంస్కరణవిజయము నే శిలాశాసనము చాటగలదు? ఆ గోడలను కూల్చినచో దొరగారి దర్పముతోకూడ మన విజయపు సాక్ష్యమును కూల్చినట్లే. వానకు కారుచు, పెచ్చులూడుచు చాలకాలము గడచిన పిమ్మట 2023లో దానికి మరమ్మతు ముగిసినది. సంతోషమే. ఆలస్యమునుమాత్రము మరువజాలము.

ఇక చెట్టుమాట. అఫ్జల్‌గంజివైపు, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక ముదురు చింతచెట్టున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి పేటలకు పేటలే కొట్టుకొనిపోయినప్పుడు సుమారు 150మంది దాని కొమ్మలు పట్టుకొని ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుకొందురు. ఆ వరదలోనే అమ్జద్ కవి తన తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకొనెను. ఆ ప్రళయము తరువాతనే విశ్వేశ్వరయ్యగారి సలహాపై జలాశయములు వెలసినవి. నగరముయొక్క రూపే మారినది. చెట్టు పలుకదు గనుక మనము దానిక్రింద టీ త్రాగి, గ్లాసు అచ్చటనే పారవేసి పోవుచున్నాము. ఆ చెట్టు ప్రక్కనున్న పాత ఆసుపత్రి భవనము, 1925నాటిది, వాననీరు వార్డులలో జొరబడిన పిమ్మట 2020 జూలైలో ఖాళీచేయబడినది. రోగులకు క్రొత్త ఆసుపత్రి కావలెను. ఇందులో వాదము లేదు. గోషామహలులో దానికి 2025లో శంకుస్థాపనయు జరిగినది. రోగి పోయిన తరువాత పాతభవనమున కెవరు వైద్యము చేతురన్నదే మా ప్రశ్న. పాడుపెట్టిన కట్టడము తనంతట కూలదు, కూలదగినదిగా తయారుచేయబడును. తూములు పూడ్చి, రావిమొక్కను గోడలో పెరుగనిచ్చి, పదియేండ్లయిన పిదప ఇంజనీరును పిలిచి, “ఇది ప్రమాదకరము” అనిపింతురు. ఇంతకన్న సులభమైన కూల్చివేత లేదు.

ఇచ్చట మన మిత్రులొక యాక్షేపణ తెత్తురు. “మీరు నిన్నటిదాక పాతయాచారములను తగులబెట్టుమంటిరి, నేడు పాతగోడలను కాపాడుమందురు. ఇదెక్కడి సంస్కరణము?” అని. పైకి పదునుగానున్న వాదమే. బాల్యవివాహమును మాన్పింపుమన్నది అది పాతదైనందున కాదు. అది బిడ్డను నలిపివేయుచున్నందున. చదువుగది ఎవరిని నలిపినది? బావి యెవరి దప్పి తీర్చకపోయినది? పాతదనిన చాలును పనికిరాదనుట, పాతదనిన చాలును పూజ్యమనుట, రెండును ఒకే సోమరితనమునకు రెండు ముఖములు. రెండింటను విచారణయన్నది లేదు. పైగా, సంస్కర్తలు పోరాడిన చోట్లన్నియు మాసిపోయిన, రేపు పిల్లలు ఆ పోరాటము జరుగనేలేదని నమ్మిన నమ్మెదరు.

వేరొక పక్షమువారితోను మాకు తగవున్నది. వీరు ఉత్సవప్రియులు. గోడకు రంగు వేసి, రంగుదీపములు చుట్టి, రిబ్బను కత్తిరించి, ఛాయాచిత్రములు తీయించుకొని, మరునాడు వెడలిపోవువారు. ఉత్సవము వలదని మేమనము. చెత్తతో నిండిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని శుభ్రపరచి 2022 డిసెంబరులో ప్రజలకు తెరచినారు. ఆ చెత్తక్రిందినుండి మెట్లు ఒక్కొక్కటిగా బయటపడుట చూచినవారి కన్నులు చెమర్చియుండును. 1935నాటి మొజంజాహి మార్కెట్టును బాగుచేసి 2020లో దానికి మరల కళ తెచ్చిరి. అచ్చట పండ్లు నేటికిని అమ్ముచున్నారు, ఐస్‌క్రీము తినుటకు సంసారులు పిల్లలతో వచ్చుచున్నారు. ఇట్టివి మాకు ప్రియములు. ఏలయన వాడుక చావలేదు. దీపములు వెలిగినను వాడుక ఆరిన కట్టడము బొమ్మలకొలువులోని బొమ్మయే.

మాటవచ్చినది గనుక చెప్పుచున్నాము: బౌలి యనగా బావి. పుత్లీబౌలి, గచ్చిబౌలి యని దినమునకు పదిమారులు ఆటోవానితో చెప్పుచున్నాము. ఆ పేరులో నీరున్నదని యెన్నడైన తలచితిమా?

శాసనము లేదా యని యడుగవచ్చును. ఉండెడిది. 1981నాటి పట్టణ నిబంధనలలో 13వది పేటలలోని పాతకట్టడములను కాపాడుటకే ఏర్పడినది. 2015లో దానిని తీసివేసిరి. 2017లో వేరొక చట్టము వచ్చినది. కాని రెంటికి నడుమ గడచిన కాలమున ఎన్ని గోడలు తేలికపడినవో ఎవరు లెక్కించిరి? 2019లో ఎర్రమంజిలును కూల్చి శాసనసభాభవనము కట్టుదుమని మంత్రివర్గము నిశ్చయింపగా, ఉన్నత న్యాయస్థానము ఆ నిశ్చయమును కొట్టివేసెను. ఆ మేడ పేరే ఒక పాఠము. గుట్ట ఎర్రనిది గావున తెలుగువారి నోట ‘ఎర్రం’, పారసీకము తెలిసినవారి నోట స్వర్గమను నర్థముగల ‘ఇర్రం’, రెండును కలియునట్లు కట్టించిన నవాబు పేరు పెట్టెనందురు. రెండు భాషల నింత మర్యాదగా నొక గుమ్మముమీద కూర్చుండబెట్టిన పేరు మరియొకటి చూపుడు! దానిని కాపాడినది కోర్టుకెక్కిన కొద్దిమంది పౌరుల పట్టుదల. మిగిలిన మనము వార్తాపత్రికలో చదివి, అయ్యో యని, పుట త్రిప్పితిమి.

కావున ప్రభుత్వమునకు అర్జీలు వ్రాయుటకు ముందు మన యింటినుండి మొదలిడవలెను. పేటలోని గురుతుల పట్టిక తయారుచేయుటకు పండితులు రానక్కరలేదు. అరువదియేండ్లు దాటిన అవ్వ నొకతెను, ఎనిమిదవ తరగతి పిల్లనొకదానిని కూర్చుండబెట్టిన సగము తయారగును. అవ్వ చెప్పును, పిల్ల వ్రాయును. ఆ పట్టికను వార్డు కార్యాలయమున నిచ్చి రసీదు తీసికొనవలెను. రసీదన్నచో కచేరీలకు గల భయము మనకు తెలియనిది కాదు. భాషానిలయమునకు నెలకొకసారియైన పోయి యొక పుస్తకము తీసి చదువవలెను. పాఠకుడులేని గ్రంథాలయమునకు నిధులడుగుటకు నోరెట్లు వచ్చును?

వచ్చు ఆదివారమే పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరవచ్చును. నిలయము మొదలు చింతచెట్టువరకు నడకదూరమే. ఎండ ముదరకముందే పోవుట మేలు, మంచినీరు చేతనుంచుకొనవలెను. నడుమ పాతపుస్తకముల రాసుల యొద్ద పిల్లలు నిలిచిపోయి ఇల్లు చేరుట కాలస్యమైనచో, దానికి మేము పూచీ కాము.