మాహిష్మతి ఆటలో మన పిలకాయలు ఎవర్ని చంపుతున్నారు?

భూమి గురించి, కూలి గురించి రాయాల్సిన చోట సెల్లు ఆటల గురించి రాస్తున్నాడేందబ్బా అని అనుకోబాకండి. వాటి గురించి రాస్తూనే ఉన్నాం, రాస్తాం. కానీ మీరు కూలి పనికి పోయి పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి మీ పిలకాయ చేతిలో సెల్లు ఉంటుంది. అందులో ఒక రాజ్యం, ఒక కోట, కోట మీదికొచ్చే ఒక శత్రువు ఉంటాయి. ఆ శత్రువు ఎట్లా ఉన్నాడో ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి.

2015లో 'బాహుబలి' వచ్చింది. 2017లో రెండో భాగం వచ్చి, వెయ్యి కోట్లు దాటిన మొదటి భారతీయ సినిమా అయింది. తెలుగోళ్ళమని అందరం మురిసిపోయినాం. మనమూ టిక్కెట్టు కొన్నాం, మనమూ ఈలలు వేశాం. అదే 2017లో బెంగుళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ 'బాహుబలి: ది గేమ్' అని సెల్లు ఆట తెచ్చింది. అంతకు ముందు సంవత్సరమే జియో వచ్చి నెట్టు చవకైంది. ఆ చవక నెట్టుతోనే ఇలాంటి ఆటలు పల్లె దాకా వచ్చినాయి.

ఆ ఆట పద్ధతి ఇది. మాహిష్మతి నీది. కోట కట్టాలి, సైన్యాన్ని తయారు చేయాలి. బాహుబలి, దేవసేన, కట్టప్ప నీ తోడు ఉంటారు. కాలకేయుల గుంపులు వస్తాయి, వాళ్ళని నరకాలి. ఇట్లాంటి ఆటలకు అచ్చు పోసింది ఫిన్లాండు కంపెనీ, 2012లో 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' పేరుతో. మనోళ్ళు ఆ అచ్చులో మాహిష్మతిని పోశారు. ఆట ఉచితమే, కానీ కోట తొందరగా లేవాలంటే డబ్బు పెట్టాలి. ఈ కంపెనీ అంతకు ముందే 'తీన్ పత్తీ గోల్డ్' పేకాటతో పేరు పొందింది. 2021లో స్వీడన్ కంపెనీ స్టిల్‌ఫ్రంట్ దాన్ని కొనుక్కుంది. మాహిష్మతి సింహాసనం కింద ఎవరి గల్లాపెట్టె ఉందో దీన్నిబట్టి తెలుసుకోండి.

ఆ ఆట పాతబడింది, నిజమే. సినిమా మాత్రం పాతబడనియ్యరు. 2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కలిపి 'బాహుబలి: ది ఎపిక్' అని మళ్ళీ విడుదల చేశారు. ఆట పేరు మారుతుంది, బొమ్మలు మారతాయి. అచ్చు అదే. అందుకే ఈ మాట.

కాలకేయుడు ఎట్లా ఉంటాడు? నల్లగా ఉంటాడు. నటుల ఒళ్ళు మామూలు కంటే నల్లగా కనబడేటట్టు రంగు పూసి మరీ నల్లగా చేశారు. జుట్టు రేగిపోయి ఉంటుంది. బట్ట సరిగా ఉండదు. వాడు మాట్లాడేది మనిషి భాష అనిపించదు. దానికి 'కిలికి' అని పేరు పెట్టి, తమిళ రచయిత మదన్ కార్కి సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు తయారు చేశారు. అంత కష్టపడి ఒక భాష కట్టినారే, ఆ భాషలో ఒక తల్లి బిడ్డను జోకొట్టే మాట ఒక్కటైనా మనకు వినిపించారా? యుద్ధానికి, బూతుకి మాత్రమే ఆ భాష. వాళ్ళ ఊరేది, పెళ్ళాం బిడ్డలెవరు, మాహిష్మతి మీదికి ఎందుకొచ్చారు? సినిమాకి పట్టలేదు. ఆటకి అసలు అక్కర్లేదు.

"పురాణంలోనే కాలకేయులు రాక్షసులు కదయ్యా, వాళ్ళేం చేస్తారు" అంటారు కొందరు. అవును, మహాభారతంలో కాలకేయులు దానవులే. మేం అడిగేదీ అదే. నల్లగా ఉండి, వేరే భాష మాట్లాడి, అడవిలోనో కొండలోనో ఉండేవాళ్ళని రాక్షసులని రాసింది ఎవరు? ఇది మన దేశపు తెగులే కాదు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' సినిమాల్లో ఓర్కులు అనే గుంపు ఉంది. ఆ లోకం మీద 2014లో వచ్చిన ఒక ఆటలో ఆడేవాడు ఆ ఓర్కుల మీద ముద్ర వేసి తన మాట వినేటట్టు చేసుకోవచ్చు. బానిస ముద్ర కూడా ఆటే అయిపోయింది.

పుట్టుకతోనే శత్రువు అనే మాట మనకు పురాణంలోనే కాదు, చట్టంలో కూడా ఉండింది. 1871లో తెల్లోడు నేరస్థ తెగల చట్టం తెచ్చాడు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. అప్పుడు మన నెల్లూరు జిల్లా ఆ రాష్ట్రంలోదే. ఎరుకల బిడ్డ కళ్ళు తెరవకముందే దొంగ అని రాసుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఎవరి గుడిసె తలుపు తడతారో మీకు నేను చెప్పాలా?

సినిమాకీ ఆటకీ ఒక తేడా ఉంది, అది గమనించాలి. సినిమాలో మనం కూర్చుని చూస్తాం. కాలకేయుడు చస్తుంటే ఈల వెయ్యొచ్చు, వెయ్యకపోవచ్చు. పక్కోడు ఏడ్చినచోట మనం నవ్వొచ్చు. ఆటలో ఆ వీల్లేదు. నీ వేలితోనే వాణ్ణి చంపాలి, చంపితేనే ముందుకు పోతావు. కాలకేయుడి వైపు నిలబడే దారి ఆటలో పెట్టలేదు. ఎండలో మాడి నల్లబడిన మన పిలకాయ తన రంగు ఉన్నోణ్ణే వేటాడి, గెలిచానని మనకు చూపించి నవ్వుతాడు. వాణ్ణి కొట్టబాకండి, సెల్లు లాక్కోబాకండి. వాడి తప్పేం లేదు. వాడికి ఇంకో పక్షం ఉందని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక కట్టప్ప. జనం చప్పట్లన్నీ ఆయనకే. వయసులో పెద్దోడు, యుద్ధంలో మొనగాడు, అయినా బానిస. తాతలు ఇచ్చిన మాట కోసం సింహాసనానికి కట్టుబడి ఉన్నాడు. నీకు స్వేచ్ఛ కొనిస్తానని ఒక వర్తకుడు అంటే వద్దంటాడు. ఆ విశ్వాసంతోనే పెంచిన బిడ్డ లాంటివాణ్ణి వెనకనుంచి పొడుస్తాడు. "కట్టప్ప ఎందుకు చంపాడు" అని దేశమంతా రెండేళ్ళు అడిగింది. కట్టప్ప ఎందుకు బానిస అని ఎవరన్నా అడిగారా? 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం తీసి చదవండి. తాతల నుంచి వచ్చిన బాధ్యత వల్ల గానీ, ఆచారం వల్ల గానీ, ఒక కులంలో పుట్టినందువల్ల గానీ చేసే చాకిరీ వెట్టి కిందికే వస్తుందని అందులో ఉంది. అంటే కట్టప్పకి అప్పు లేదు, మాట లేదు, ఆయన ఇంటికి పోవచ్చు. తండ్రి అప్పుకి కొడుకు జీతగాడుగా దొర ఇంట్లో ఉండిన రోజులు మన పెద్దోళ్ళకి గుర్తే. అది విశ్వాసం అని మనం ఎప్పుడూ అనలేదు. ఆటలో మాత్రం కట్టప్ప ఒక ఆయుధం. కావాల్సినప్పుడు దించాలి, అంతే.

"ఇదంతా మీరు ఊహించుకుంటున్నారు, సినిమాలో కులం ఎక్కడుంది" అనేవాళ్ళకి మదురై సంగతి చెప్పాలి. 2015 జులైలో తమిళ 'బాహుబలి'లో ఒక తిట్టు మాట వచ్చింది. అక్కడి అరుంధతీయుల్ని కించపరిచే మాట అది. అరుంధతీయులు ఎవరు? తరాలుగా తమిళనాడులో ఉంటూ, ఇంట్లో ఇప్పటికీ చాలామంది తెలుగు మాట్లాడుకునే మనోళ్ళే. మన జిల్లాలో ఊరి చివర 'అరుంధతివాడ' అని బోర్డు ఉంటుందే, అదే పేరు. వాళ్ళు రోడ్డెక్కారు. ఒక థియేటర్ మీద పెట్రోలు బాంబులు కూడా పడ్డాయి. బాంబులు మన దారి కాదు, అంబేడ్కర్ దారి కాదు. కానీ ఆ మాట పడింది నిజం, రాసినాయన విచారం తెలిపిందీ నిజం. ఆ తమిళ మాటలు రాసిందీ, కిలికి కట్టిందీ ఒక్కరే. ఆయనకి మన మీద పగ ఉందని నేననను. తిట్టు రాయాలంటే కలం ముందు ఏ వాడ వైపు పోతుందో చూడండి, చాలు.

రాజులూ కోటలూ చూడాలంటే మనకి సెల్లెందుకు? ఉదయగిరి కొండ మీద కోట ఉంది. గజపతుల నుంచి దాన్ని తీసుకోడానికి శ్రీకృష్ణదేవరాయలకి ఏడాదిన్నర పట్టింది, 1514లో చిక్కింది. సైన్యం పైకి పోవడానికి పెద్ద పెద్ద బండలు పగలగొట్టి దారులు వేయించాడని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. రాయలవారి పేరు పిలకాయలకి బడిలో చెప్తారు. సమ్మెట పట్టుకున్న వాళ్ళ పేరు ఒక్కటన్నా చెప్తారా?

మన దగ్గర కథలు లేక కాదు. ఈ నెల్లూరు సీమ కథే ఉంది, కాటమరాజు కథ. కరువొచ్చి మందల్ని తోలుకొచ్చిన గొల్లలకీ, నెల్లూరు రాజు నల్లసిద్ధికీ పుల్లరి దగ్గర తగాదా వచ్చి యుద్ధమైంది. నల్లసిద్ధి తరఫున పోరాడిన ఖడ్గతిక్కన అందులోనే చచ్చిపోయాడు. కొమ్ము ఊది ఆ కథ చెప్పుకొచ్చిన కొమ్ములవారు దళితులే. పల్నాటి యుద్ధంలో సేన నడిపిన మాల కన్నమదాసు కథ ఉంది. మాదిగల జాంబపురాణం ఉంది. మాయలు, మంత్రాలు, యుద్ధాలు ఏం తక్కువ వీటిలో? గడ్డి ఎవరిది, పుల్లరి ఎందుకు కట్టాలి అని అడిగే ఆట ఒకటి ఆడి చూస్తే తెలుస్తుంది. రాజు వైపు ఆడతావా, మంద వైపు ఆడతావా అని పిలకాయనే అడిగే ఆట.

కంప్యూటర్ చదువు చదివి బెంగుళూరులో, హైదరాబాదులో కూలి లెక్కన ఇంకోళ్ళ ఆటలకి బొమ్మలు గీస్తున్న మన వాడల బిడ్డలు ఉన్నారు. పండక్కి ఊరొస్తారు గదా, అప్పుడు వాళ్ళని పట్టుకోండి. అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి మండలాల్లో కొమ్ము కథ తెలిసిన ముసలోళ్ళు ఎవరన్నా మిగిలి ఉంటే వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. సెల్లులోనే గొంతు రికార్డు చేసుకోవచ్చు, దానికి డబ్బు కూడా అక్కర్లేదు.