అరెస్టులు తగ్గితే ఆగమైందెవరు?

2014 డిసెంబర్ 20న న్యూయార్క్‌లో, కారులో కూర్చున్న ఇద్దరు పోలీసులను ఒకడు కాల్చి చంపిండు. ఘోరమే, ఎవరూ కాదనరు. కానీ తర్వాత జరిగింది చూడాలె. నిరసనకారులను వెనకేసుకొచ్చిండని మేయర్ డి బ్లాసియో మీద కోపంతో పోలీసులు చేతులు ముడుచుకున్నరు. తప్పనిసరైతేనే అరెస్టు చేయాలన్న మాట వాళ్లలో తిరిగింది. మేమనలేదన్నది యూనియన్. 22న మొదలైన వారంలో అరెస్టులు ఏడాది కిందటితో పోలిస్తే 66 శాతం పడిపోయినయ్. ట్రాఫిక్ చలాన్లు 10,069 నుంచి 587కు! ఇక నగరం దొంగలపాలేనని గగ్గోలు.

కాలేదు. ఆ వారాల్లో పెద్ద నేరాల ఫిర్యాదులు తగ్గినయని 2017లో ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి చూపిన్రు. మరి తప్పనిసరి కాని అరెస్టులు అన్నేండ్లు ఎందుకు చేసినట్టు? ఎవరిని చేసినట్టు?

బాల్టిమోర్‌లో 2015లో అరెస్టులు తగ్గి హత్యలు పెరగలేదా అంటరు. పెరిగినయ్, 344 అయినయ్. హంతకులను పట్టొద్దని ఎవరన్నరు? న్యూయార్క్‌లో జనం రోడ్డెక్కింది వేరే అరెస్టు మీద. 2014 జులైలో ఎరిక్ గార్నర్ అనే నల్లజాతీయుడిని, విడి సిగరెట్లు అమ్ముతున్నడని పట్టుకొని మెడ బిగించిన్రు. ఊపిరాడుతలేదని పదకొండుసార్లు మొత్తుకొని పాణం ఇడిచిండు.