పుట్టుకతోనే గట్టివాళ్లట!

మన పిల్లలు గెలిస్తే మెచ్చుకునే తీరులో కూడా కులం ఉంటది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాలలో గిరిజన కూలీల బిడ్డ, అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఆనంద్‌ది ఖమ్మం జిల్లా, దళిత కుటుంబం. శిఖరం మీద అంబేడ్కర్ ఫొటో, ఎస్.ఆర్. శంకరన్ ఫొటో పెట్టారు.

దానికి పెద్దమనుషులు ఏమన్నారు? "అడవుల్లో, పొలాల్లో తిరిగే పిల్లలు గదా, పుట్టుకతోనే గట్టివాళ్లు" అన్నారు. వినడానికి తియ్యగానే ఉంది. ఇది ఎక్కడి మాటో గుర్తుపట్టండి. మోయడానికే పుట్టినోడు, దున్నడానికే పుట్టినోడు అని మన తాతలకి చెప్పిన మాటే! దొర కొడుక్కి ర్యాంకు వస్తే అది తెలివి. మన బిడ్డ కొండెక్కితే అది ఒళ్లు.

ఒళ్లే ఎక్కించేదైతే మన అమ్మానాన్నలు ఎన్నడో ఎక్కి దిగేవాళ్లు. భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టడం నేర్పారు. వడపోసి డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థకి పంపారు, ఆ తర్వాత లడాఖ్ చలికి పంపారు. ఎనిమిది వేల మీటర్ల పైన దొరికే ప్రాణవాయువు మన ఊళ్లో దొరికేదాంట్లో మూడోవంతుకి అటూ ఇటూ. ఒక్కసారిగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది, మనిషి పోతాడు. అందుకే కొంత ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, వారాల తరబడి ఒంటికి అలవాటు చేస్తారు. సిలిండర్లు, ఈకల కోట్లు, బూట్లకి ఇనుప ముళ్లు, కడుపునిండా తిండి, పక్కన నేర్పేవాళ్లు. వీటిలో పుట్టుకతో వచ్చింది ఏదో చెప్పండి.

"చిన్నపిల్లల ప్రాణాలతో ఆటలా?" అని మనలోనూ కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే, వాళ్లు మన శత్రువులేం కారు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ల లోపు వాళ్లని ఎక్కనివ్వరు గనకే టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. కానీ ఇదే ప్రశ్న వేసే టౌను బాబులు, మనోణ్ణి తాడు లేకుండా, మాస్కు లేకుండా మాన్‌హోల్‌లోకి దించినప్పుడు ఎక్కడున్నారు? అది చెయ్యొద్దని 2013లో చట్టమే వచ్చింది. అయినా దించుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నాం. పైకి పంపేటప్పుడు గాలి సిలిండరు కట్టారు. కిందికి దించేటప్పుడు ఎందుకు కట్టరు?

ఇంకో సంగతి మనం దాచకూడదు. మన పిల్లలు ఒంటరిగా ఎక్కలేదు, షెర్పాల సాయంతో ఎక్కారు. అదే ఏడు ఏప్రిల్ 18న, నేపాల్ వైపు, సామాను మోస్తూ పోయిన 16 మంది నేపాలీ కూలీలు మంచుపెళ్లల కింద పడి చనిపోయారు. అక్కడి సర్కారు ఒక్కో కుటుంబానికి ముందు ఇస్తామన్నది నలభై వేల నేపాలీ రూపాయలు. వాళ్లు పని ఆపేసి కూచున్నారు. 1953లో హిల్లరీ, టెన్జింగ్ ఒకే తాడుకి కట్టుకుని ఎక్కితే, హిల్లరీని "సర్" చేశారు, టెన్జింగ్‌కి ఒక పతకం చేతిలో పెట్టారు. మోసేవాడి కులం మంచుకొండ మీదా ఉంది. పూర్ణకి దండ వేసే చేతులు ఆ మూటలు మోసినోళ్లకీ ఒక దండ వెయ్యాలి.

ఇక జయంతి సభల్లో పూర్ణ ఫ్లెక్సీ కట్టే సంఘాలకి ఒక పని. మీ మండలంలో సంక్షేమ హాస్టలు ఉంది గదా. ఆటల టీచరు ఉన్నాడా, వారానికి గుడ్లు ఎన్ని, బూట్ల డబ్బు ఎటు పోయింది? నోటితో అడిగితే నోటితోనే చెబుతారు. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద రాసి అడగండి. తెల్లకార్డు జిరాక్సు జత చేస్తే ఫీజు లేదు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబుని హాస్టలు పిల్లల ముందే గట్టిగా చదివించండి.