కుదురు లేని పిల్లలు

ఒక చోట కూర్చోడు. చెప్పిన మాట చెవిని పెట్టడు. లెక్క సగం చేసి లేచిపోతాడు. వారానికో పెన్సిలు, నెలకో గొడుగు పారేసుకుని వస్తాడు. ఇటువంటి పిల్లవాడు ఇంట్లో ఒక్కడుంటే చాలు, ఆ తల్లికి సలహా చెప్పనివారుండరు. “గారాబం చేసి చెడగొట్టావు” అంటారు అత్తగారు. “నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు” అంటారు బావగారు. “తీపి పెట్టడం మానెయ్యమ్మా” అంటుంది పొరుగింటావిడ.

యీ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఇటువంటి తల్లులవి తరచు కనిపిస్తూ వుంటాయి. అందరూ అడిగేది ఇంచుమించు ఒకటే: ఇది అల్లరా, జబ్బా? జబ్బే అయితే పసివాడికి మందు బిళ్లలు మింగించవచ్చునా? ఏ.డి.హెచ్.డి. అని డాక్టర్లు పేరు పెట్టిన యీ నిలకడలేమిని గురించి నేను చదివి తెలుసుకున్న సంగతులు ఈ వారం ముచ్చటిస్తాను.

మొదట ఒక అపోహ. ఇది సెల్‌ఫోన్లు తెచ్చిపెట్టిన కొత్త రోగమని చాలామంది అనుకుంటారు. కాదు. 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండు వైద్యుడు, దేనిమీదా మనసు నిలపలేని వారిని గురించి తన గ్రంథంలో వ్రాశాడు. ఆ గుణం పుట్టుకతోనే రావచ్చుననీ, వయసుతోపాటు తగ్గవచ్చుననీ కూడా అన్నాడు. 1902లో జార్జి స్టిల్ అనే పిల్లల వైద్యుడు లండనులో ఉపన్యాసాలిస్తూ, తెలివితేటలలో ఏ లోటూ లేకపోయినా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లలను వర్ణించాడు. మంచి పెంపకం వున్న ఇళ్లలోనూ అటువంటి పిల్లలున్నారని ఆయన గమనించాడు. తల్లులు యీ మాట గుర్తుంచుకోవాలి.

మందు సంగతి మరీ విచిత్రం. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పిల్లల కోసం ఒక ఆసుపత్రి వుండేది. అక్కడి డాక్టరు ఛార్లెస్ బ్రాడ్లీ. ఆ రోజుల్లో మెదడుకు ఎక్స్‌రే తియ్యాలంటే వెన్నులోంచి నీరు తియ్యవలసి వచ్చేది. దానితో పిల్లలకు విపరీతమైన తలనొప్పి. అది తగ్గుతుందేమోనని ఆయన బెంజిడ్రిన్ అనే ఉత్తేజకరమైన మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి అంతగా తగ్గలేదు గాని, పిల్లలు చదువుమీద కూర్చోవడం మొదలుపెట్టారు! 30 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే సుమారు సగంమందిలో మార్పు స్పష్టంగా కనిపించింది. 1937లో ఆయన యీ ఫలితాలు ప్రకటించాడు. ఆ పిల్లలు వాటికి “లెక్కల బిళ్లలు” అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారట.

అసలే కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడికి ఉత్తేజం కలిగించే మందిస్తే ఎలా నెమ్మదిస్తాడు? యీ సందేహం సహజమే. మెదడు ముందు భాగం మనకు పగ్గం వంటిది. “ఆగు, ఇది ముందు పూర్తిచెయ్యి” అని చెప్పేది అదే. అక్కడ కబుర్లు చేరవేసే డోపమిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల పని యీ మందుతో పుంజుకుంటుంది. అంటే ఉత్తేజం కలిగేది గుర్రానికి కాదు, పగ్గం పట్టిన చేతికన్నమాట. 1944లో స్విట్జర్లండులో పానిజ్జోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మెథైల్‌ఫెనిడేట్ తయారుచేసి, తన భార్య రీటా పేరు కలిసేటట్లు దానికి రిటాలిన్ అని పేరు పెట్టాడు. ఈనాటికీ యీ చికిత్సలో ఎక్కువగా వాడుతున్న మందులలో అదొకటి.

ఇక జబ్బును గుర్తుపట్టడం. దీనికి రక్తపరీక్ష లేదు, ఫోటో తీసి తేల్చే యంత్రమూ లేదు. అమెరికా మనోవైద్యులు 2013లో సవరించిన నిబంధనల ప్రకారం, అశ్రద్ధకు తొమ్మిది, అతిచలనానికీ తొందరపాటుకీ తొమ్మిది లక్షణాలున్నాయి. పిల్లలలో అయితే ఒక జాబితాలో కనీసం ఆరు, పదిహేడేళ్లు దాటిన వారిలో అయిదు కనిపించాలి. అవి ఆరు నెలలపాటు నిలిచి వుండాలి. పన్నెండేళ్లలోపే కొన్ని బయటపడి వుండాలి. ఇంట్లో ఒక్కచోటే కాక, బడిలోనో మరోచోటనో కూడా వుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, వాటివల్ల చదువూ సంసారమూ దెబ్బతింటూ వుండాలి. అంచేత మేనత్త చూసి చెప్పినా, పక్కింటివారు చెప్పినా ఇది తేలదు. చూపు, వినికిడి, నిద్ర, దిగులు, చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది—వీటన్నిటినీ విచారించాకనే మంచి డాక్టరు మాట చెబుతాడు.

ఆ జాగ్రత్త ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో నాలుగు లక్షల పైచిలుకు పిల్లల వివరాలు పరిశీలించి 2018లో ఒక వ్యాసం ప్రకటించారు. సెప్టెంబరు 1 నాటి వయసును బట్టి బడిలో చేర్చుకునే రాష్ట్రాలలో, ఆగస్టులో పుట్టిన పిల్లలు తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లు. సెప్టెంబరులో పుట్టినవాళ్లు అందరికన్నా పెద్దవాళ్లు. యీ చిన్నవాళ్లకు ఏ.డి.హెచ్.డి. అని పేరు పెట్టడం 34 శాతం ఎక్కువగా జరిగింది! ఏడాది చిన్నవాడిలో వుండే పసితనాన్ని రోగమనుకోవడం ఎంత సులభమో చూశారా? తొందరపడి పిల్లల్ని పై తరగతుల్లో కూర్చోబెట్టే మనబోటివాళ్లు దీన్ని ఆలోచించాలి.

అలాగని ఇదంతా వట్టి మాటేనని కొట్టెయ్యడమూ పొరపాటే. 2007లో ఫిలిప్ షా అనే పరిశోధకుడూ, ఆయన సహచరులూ పిల్లల మెదళ్లను కొలిచి చూశారు. మెదడు పైపొర పూర్తి మందం అందుకోవడం మామూలు పిల్లల్లో ఏడున్నర ఏళ్లకు జరిగితే, యీ పిల్లల్లో పదిన్నర ఏళ్లకు జరుగుతున్నదని తేలింది. కవలల మీద జరిగిన పరిశోధనలు చూస్తే, యీ గుణంలో మనిషికీ మనిషికీ వుండే తేడాలో సుమారు నాలుగింట మూడు వంతులు వంశపారంపర్యం వల్లనే.

మరి తీపి మాటో? 1994లో వచ్చిన ఒక పరిశోధన ముచ్చటగా వుంటుంది. మగపిల్లలందరికీ పంచదార లేని పానీయమే ఇచ్చి, సగంమంది తల్లులకు మాత్రం “మీవాడికి పంచదార ఇచ్చాం” అని చెప్పారు. ఆ తల్లులకు తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నట్లు తోచింది! లడ్డూ మానిపిస్తే పళ్లకు మంచిదేమో గాని, యీ జబ్బుకు అది మందు కాదు.

చికిత్స విషయంలో అందరూ చెప్పుకునే పరిశోధన 1999లో అమెరికాలో వెలువడింది. ఏడేళ్లు నిండి పదేళ్లు నిండని 579 మంది పిల్లలను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు మోతాదు సరిచూసుకుంటూ మందు, ఒక జట్టుకు మందు లేకుండా తల్లిదండ్రులకూ బడికీ శిక్షణ, మూడో జట్టుకు రెండూ, నాలుగో జట్టుకు ఊళ్లో మామూలుగా దొరికే వైద్యం. 14 నెలల తరువాత, అశ్రద్ధ, అతిచలనం తగ్గడంలో మందు వున్న మొదటి, మూడో జట్లు ముందున్నాయి. రెండూ పొందినవారికి తక్కువ మోతాదే సరిపోయింది, ఇంట్లో పోట్లాటలూ తగ్గాయి. ఆ తరువాత ఎవరి చికిత్స వారు ఎంచుకున్నారు. మొదలైన మూడేళ్లకు చూస్తే జట్ల మధ్య తేడా చెరిగిపోయింది. పైగా మందు కొత్తగా మొదలుపెట్టి మానకుండా వాడిన పిల్లలు, వాడని వారికన్నా సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం కూడా వుంటాయి. కాబట్టి మందంటే హడలిపోనూ వద్దు, అదే సర్వమనీ అనుకోవద్దు. డాక్టరు ఎత్తూ, బరువూ, నాడీ చూస్తూ వాడవలసిన మందు అది. నాలుగైదేళ్ల పసివాళ్లకయితే ముందుగా తల్లిదండ్రుల శిక్షణనే వైద్యులు సిఫార్సు చేస్తారు.

ఆ శిక్షణలో బ్రహ్మవిద్య ఏమీ లేదు. వంటింట్లోంచి కేకెయ్యకుండా దగ్గరకు వెళ్లి, మొహం చూస్తూ, ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి. గంట చదువును పది పది నిమిషాలుగా విడగొట్టండి. చేసిన మంచి పనిని అప్పటికప్పుడే మెచ్చుకోండి. వీళ్లకు ఆదివారం ఇచ్చే బహుమానం సోమవారంనాడు కనబడదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. వాళ్లలో చాలామంది గంతులు వెయ్యరు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. ఎవరికీ ఇబ్బంది లేదు గనక ఎవరూ పట్టించుకోరు. “మందమతి” అన్న బిరుదు మోస్తూనే పెరిగి, అత్తవారింట “మతిమరుపు కోడలు” అనిపించుకుంటారు. ఇది చిన్నతనంతో పోతుందని ఒకప్పుడు వైద్యులూ అనుకునేవారు. 1970ల్లో పాల్ వెండర్ వంటివారు పెద్దవాళ్లలోనూ ఇది నిలిచి వుంటుందని చూపించారు. పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించబోయి, ఆయన అడిగే ప్రశ్నలు వింటూ “ఇవన్నీ నాకూ వున్నవే!” అనుకునే తండ్రులు తక్కువమంది కారు. అటువంటివారు సిగ్గుపడకుండా తామూ చూపించుకోవాలి. పెద్దలకూ చికిత్స వుంది.

పిల్లవాడు తరగతిలో మొదటివాడు కాకపోతే కొంప మునగదు. కాని పదేళ్లపాటు రోజూ “నువ్వు పనికిరావు” అని విన్నవాడు, పదకొండో ఏట ఆ మాటే నిజమని నమ్ముతాడు. ఆ నమ్మకానికి మాత్రం ఏ దేశపు డాక్టరూ ఇంతవరకు బిళ్ల కనిపెట్టలేదు. ఆ మాట వాడి చెవిన పడకుండా చూడడం మన చేతిలోనే వుంది.