మూడు కుంచాల పిండి

జూబ్లీహిల్స్ వంటిళ్లలో మైదా బ్రెడ్డు మాని, గోధుమపిండితో ఇంట్లోనే రొట్టె కాల్చుకునేవారు ఉన్నారు. మంచిదే. మన దేశంలో 2016లో నిషేధించేదాకా బ్రెడ్డు తయారీలో పొటాషియం బ్రోమేట్‌కు అనుమతి ఉండేది. ఇంట్లో చేసుకుంటే పిండిలో ఏం కలిసిందో మనకు తెలుస్తుంది. ఈస్టు కలిపిన ముద్ద పొంగేదాకా కాచుకుని ఉండే ఆ ఓపికలో ఇంటిల్లిపాది మీదా ప్రేమ ఉంది.

పరలోకరాజ్యం ఎలాంటిదో చెప్పడానికి యేసుప్రభువు పిండిలో పులిపిండి కలిపే ఒక స్త్రీని చూపించాడు (మత్తయి 13:33). ఆమె కలిపింది మూడు కుంచాలు. పండితుల లెక్కలో అది పాతిక కిలోలకు అటూ ఇటూ. ఒక్క కుటుంబానికి అంత పిండి దేనికి? అది పదిమందికీ పెట్టే పిండి!

మన ఇళ్లలో పిండి పిసికే చేతులు చాలాసార్లు ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి వచ్చిన పనిమనిషివి. వేడి రొట్టె మన పిల్లలకు, ఎండిన ముక్క ఆమె పిల్లలకు అయితే, ప్రభువు నేర్పిన ప్రార్థన మన నోట ఎలా పలుకుతుంది? అందులో ఆహారం అడిగేచోట ‘నా’ అనే మాట లేదు, ‘మా’ అనే ఉంది.

ఈసారి ఇంకో రొట్టెకు సరిపడా పిండి కలుపుదాం. మర్నాటి మిగులు కాదు, వేడివేడిగా ఆమె ఇంటికీ పంపుదాం. అప్పుడే ప్రభువు చెప్పిన పులిపిండి మనలోనూ పనిచేసినట్టు.