వచ్చిపోయే జబ్బు... స్టీరింగ్‌కు!

మదనపల్లె నుంచి ఓ కారు కుప్పం బయల్దేరిందనుకుందాం. పుంగనూరు ఊళ్లో మలుపు తిప్పబోతే స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఎదురుగా మీటర్ల మధ్య పసుప్పచ్చ దీపం వెలిగింది. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి మళ్లీ స్టార్ట్ చేస్తే దీపం లేదు. స్టీరింగ్ వెన్నలా తిరుగుతోంది. పలమనేరు మీదుగా కుప్పం చేరేదాకా ఏ పేచీ లేదు. అక్కడ షెడ్డులో చూపిస్తే 'అంతా బాగానే ఉంది సార్' అన్నారు. తిరుగు ప్రయాణంలో, చీకటి పడ్డాక, ఏనుగులు తిరిగే అడవి దారిలో మళ్లీ అదే తంతు!

డాక్టరు గది ముందు కూర్చోగానే మాయమయ్యే పంటినొప్పి లాంటిదిది. ఇలాంటప్పుడే 'మొత్తం స్టీరింగ్ కాలమ్ మార్చేద్దాం' అనే సలహా వస్తుంది. అంటే వేలకు వేలు బిల్లు. తీరా మార్చాక కూడా దీపం వెలిగితే? అందుకే విప్పేముందు వెతకాలి.

లోపల జరిగేదేమిటి?

ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ తొలిసారి 1988లో జపాన్‌లో సుజుకీ సెర్వో అనే చిన్న కారులో వచ్చింది. స్టీరింగ్ కడ్డీ మధ్యలో టార్షన్ బార్ అనే సన్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. మనం తిప్పే బలానికి అది కాస్త మెలిపడుతుంది. ఆ మెలికను కొలిచేదే టార్క్ సెన్సర్. ఆ కొలత, బండి వేగం చూసుకుని కంట్రోల్ యూనిట్ మోటారుతో సాయం చేయిస్తుంది. బండి నిలబడి ఉంటే ఎక్కువ, హైవే మీద తక్కువ.

చాలా కార్లలో ఈ సెన్సర్ రెండు సంకేతాలు పంపుతుంది. చేయి వదిలేస్తే రెండూ దాదాపు 2.5 వోల్టులు. తిప్పితే ఒకటి పెరుగుతుంది, రెండోది అంతే తగ్గుతుంది. మొత్తం ఎప్పుడూ సుమారు 5. ఈ లెక్క క్షణం తప్పినా కంట్రోల్ యూనిట్ నమ్మకం పోగొట్టుకుని సాయం ఆపేస్తుంది. తప్పుడు దిక్కుకు తిప్పడం కంటే ఊరుకోవడమే మేలని దాని లెక్క. కొన్ని మోడళ్లలో ఈ కొలతలు వేరు. కంపెనీ మాన్యువల్ చూడక తప్పదు.

వెతికే వరస ఇదీ

* ముందు కాగితం, పెన్ను. ఎంత వేగంలో వచ్చింది? ఏ వైపు తిప్పుతుంటే? వాన పడిందా? ఏసీ, హెడ్‌లైట్లు వేసి ఉన్నాయా? ఈ జవాబులు సగం పని చేసిపెడతాయి.

* బ్యాటరీ వైరు పీకకముందే స్కానర్ పెట్టించాలి. దీపం ఆరినా పాత కోడ్ మెమరీలో ఉంటుంది. కోడ్ 'టార్క్ సెన్సర్' అన్నంత మాత్రాన సెన్సరే దోషి కాదు. దానికెళ్లే వైరు కావచ్చు, కప్లర్ కావచ్చు. స్పీడ్ సెన్సర్ కోడ్ ఉంటే దారే వేరు.

* తర్వాత బ్యాటరీ. బండి నిలబడి ఉంటే సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. స్టీరింగ్ మోటారు కరెంటును గటగటా తాగుతుంది. నీరసించిన బ్యాటరీ ఉన్నా సెన్సర్ మీద నింద పడుతుంది.

* ఎర్త్ వైరు చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే, స్టీరింగ్ యూనిట్ ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. 0.2 వోల్టు దాటితే ఎక్కడో తుప్పో, వదులో ఉన్నట్టే.

* ఇక కప్లర్లు. వాటర్ సర్వీసింగ్‌లో లోపలికెళ్లిన నీరు, ఎలుకలు కొరికిన వైర్లు, వదులైన పిన్నులు... వచ్చిపోయే జబ్బులకు ఇవే పుట్టిళ్లు. స్కానర్‌లో లైవ్ డేటా చూస్తూ వైర్లను మెల్లగా కదపాలి. స్టీరింగ్‌ను కిందికీ పైకీ జరిపే వీలుంటే అదీ చేసి చూడాలి. అంకె ఎగిరిపడిన చోటే దోషి ఉంది.

* అప్పటికీ దొరక్కపోతే స్కానర్ పెట్టుకుని, రికార్డు చేస్తూ అదే దారిన వెళ్లాలి. పుంగనూరులో వచ్చిన జబ్బును పుంగనూరు రోడ్డు మీదే పట్టాలి!

ఇవన్నీ బాగుండి, సెన్సర్ సంకేతం మాత్రమే తెగిపోతుంటే అప్పుడు మార్చాల్సిందే. మార్చాక చక్రాలు నేరుగా పెట్టి, 'జీరో' సెట్ చేయించడం మరవొద్దు. లేదంటే బండి ఒక పక్కకు లాగొచ్చు.

దీపం వెలగకుండా బరువైతే?

అప్పుడు టైర్లలో గాలి, స్టీరింగ్ జాయింట్లు చూడాలి. ఇరుకు సందులో పదేపదే చివరిదాకా తిప్పితే మోటారు వేడెక్కి కాసేపు సాయం తగ్గిస్తుంది. అది జబ్బు కాదు, జాగ్రత్త.

అలాగని దీపాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2010లో జనరల్ మోటార్స్ ఈ స్టీరింగ్ మోటారు లోపంతో సుమారు 13 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. మీ మోడల్‌కు అలాంటి పిలుపేమైనా ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి చూడండి. ఉంటే రిపేరు ఉచితం.

ఇంకో మాట. స్టీరింగ్ కింద పసుపు రంగు కప్లర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి సొంతంగా వెళ్లొద్దు.

దారిలో ఉన్నట్టుండి బిగుసుకుంటే కంగారు పడొద్దు. చక్రాలకూ స్టీరింగ్‌కూ ఉన్న ఇనుప బంధం తెగదు. బలం పెడితే తిరుగుతుంది. రెండు చేతులా గట్టిగా పట్టుకుని, వేగం తగ్గించి, పక్కకు ఆపండి. బండి కదులుతుండగా మాత్రం తాళం తీయొద్దు. అలా చేస్తే స్టీరింగ్ లాక్ పడిపోవచ్చు. పూర్తిగా ఆగాకే తాళం.